మరొకరి చేతిలో ఊపిరి

ఫిబ్రవరి 4

అత్తా,

మూడుసార్లు ఫోన్ చేశాను, నువ్వు తీయలేదు. పోనీలే, రాయడమే నయం. నోటితో చెప్పబోతే మధ్యలో ఏడుపొచ్చేస్తుంది. అప్పుడు నువ్వు కంగారుపడి సగం వింటావు, సగం వదిలేస్తావు.

సోమవారం నా చేతుల్లో ఒక మనిషి ప్రాణం పోయినంత పనైంది. మా వార్డులో నాలుగో మంచం మీద ఒక బస్సు డ్రైవరున్నాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి వారం నుంచి వెంటిలేటర్ మీదే ఉన్నాడు. వీపు పుండ్లు పడకుండా నేనూ ఇంకో నర్సూ అతన్ని పక్కకు తిప్పుతున్నాం. తిప్పుతుండగా నోట్లోంచి గొట్టం బయటికి జారిపోయింది. అలారం మోగింది. గొట్టం తిరిగి వేయగల డాక్టరు కింది అంతస్తులో ఉన్నాడు. ముఖానికి మాస్కు బిగించి పట్టుకుని, చేత్తో నొక్కే గాలిసంచి తీసుకుని నొక్కడం మొదలుపెట్టాను. డాక్టరొచ్చి గొట్టం వేసేసరికి తొమ్మిది నిమిషాలైంది.

ఎనిమిది నెలలుగా ఈ వార్డులో చేస్తున్నాను. ఆ సంచి ఇదివరకూ పట్టుకున్నాను. కానీ ఆ రోజు ఎందుకో అతని ఛాతీ చూస్తూ ఉండిపోయాను. నేను నొక్కితే లేస్తోంది, వదిలితే పడుతోంది. నొక్కకపోతే ఏమీ లేదు. చిన్నప్పుడు నువ్వు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. దేవుడు మట్టితో మనిషిని చేసి ముక్కులో ఊదాడు, అప్పుడు మట్టి కాస్తా మనిషైంది అని. అత్తా, మరి నేను నొక్కింది ఏమిటి? ఆ ఊపిరేనా, వట్టి గాలా? అప్పట్నుంచీ అన్నం ముందు కూర్చున్నా చేతివేళ్లు వాటంతటవే ముడుచుకుంటున్నాయి.

డ్రైవరు ఇంకా కళ్లు తెరవలేదు. ఏం జరిగిందో వివరంగా రాసివ్వమని హెడ్ నర్సు కాగితం ఇచ్చింది. విచారణ ఉంటుందట. చాలా భయంగా ఉంది.

నీ పిచ్చుక

ఫిబ్రవరి 11

పిచ్చుకా,

నా ఫోను పాడైంది, అందుకే తీయలేదు. ఇక నుంచి ఉత్తరాలే రాయి. నీ చేతిరాత కోడి గీరినట్టుంటుంది గానీ ముప్ఫై ఏళ్లుగా పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, ఎలాగో చదువుకుంటాను.

ముందు నీ ప్రశ్న సంగతి. మనకు గాలి వేరు, ఊపిరి వేరు, ఆత్మ వేరు. లేఖనాలు మొదట రాసిన భాషలో ఈ మూడింటికీ చాలాచోట్ల ఒకే మాట. సృష్టి మొదట్లో నీళ్లమీద అల్లాడింది అదే, చెట్టుకొమ్మ ఊపేది అదే, మనిషి ముక్కులో ఆడేది అదే. అందుకే ఏది వట్టి గాలి, ఏది దేవుడి ఊపిరి అని గీత గీయమంటే నా వల్ల కాదు. ఎండిన ఎముకల లోయ పాఠం గుర్తుందా? ఎముకలు కూడుకున్నాయి, వాటి మీద మాంసం వచ్చింది, చర్మం కప్పింది, అయినా మనుషులు లేవలేదు. ఊపిరిని వేరుగా పిలవాల్సి వచ్చింది. ఇంకోచోట ఒక ప్రవక్త చచ్చిపోయిన పిల్లవాడి మీద పడుకుని నోటి మీద నోరు ఆనించాడు. పిల్లవాడు ఏడుసార్లు తుమ్మి లేచాడు. ఊపిరి ప్రవక్తది కాదు, ఆనించిన నోరు మాత్రమే ఆయనది. నువ్వు చేసింది కూడా అదే అనుకుంటున్నాను.

ఈ ఏడాది మా బైబిలు బడిలో పదకొండు మందే చేరారు. అందరూ పెద్దవాళ్లే. సంఘాల్లో లేఖనాలు బోధించడానికి వెళ్లేవాళ్లు. అందులో బట్టలు కుట్టే ఆవిడొకతె ప్రతిదానికీ అడ్డు ప్రశ్న వేస్తుంది. నీ చిన్నప్పటి పోలికే.

నేనూ కొన్ని అడుగుతాను, విసుక్కోకుండా చెప్పు. ఆ గొట్టం వేసినవాళ్లకు తెలివి ఉంటుందా? మాట్లాడగలరా? లోపల ప్రార్థన చేసుకోగలరా? యంత్రం ఊపిరికి అలవాటు పడ్డాక ఒళ్లు తన ఊపిరిని మరిచిపోదా? ఎంతమంది తిరిగి సొంతంగా పీల్చుకుంటారు? ఇంకొకటి. ఆ తొమ్మిది నిమిషాల్లో నీ చెయ్యి ఎప్పుడైనా ఆగిందా? ఆగితే ఎంతసేపు?

వేళకు తిను. వేళ్లకు గోరువెచ్చటి నూనె రాసుకో.

నీ అత్త

ఫిబ్రవరి 18

అత్తా,

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. మత్తు ఇస్తాం కాబట్టి చాలామందికి తెలివి ఉండదు, కొందరికి ఉంటుంది. గొట్టం గొంతు మధ్యలోంచి పోతుంది, మాట్లాడలేరు. ప్రార్థన సంగతి నాకు తెలియదు. ఒళ్లు ఊపిరిని మరవదు గానీ కండరాలు నీరసిస్తాయి. ఎంతమంది బయటపడతారన్నది జబ్బును బట్టి ఉంటుంది.

చివరి ప్రశ్నకు మాత్రం జవాబు రాయను. నీ చెయ్యి ఆగిందా అని హెడ్ నర్సు కూడా అదే మాటతో అడిగింది. ఆమె అడిగిందంటే అది ఆమె ఉద్యోగం. నువ్వు అడిగావే, అది తట్టుకోలేకపోయాను.

డ్రైవరు భార్య రోజూ వార్డు బయట బల్ల మీద కూర్చుంటోంది. నేను అటువైపు మెట్లు వాడటం మానేశాను. వంటగది వెనకున్న ఇనుప మెట్లు ఎక్కుతున్నాను. ఇలాంటప్పుడు నువ్వు నాకు ఎముకల లోయ పాఠం చెప్పి, కింద పోలీసుల్లా ప్రశ్నలు రాశావు.

మీ బడికి ఫోన్ చేశాను. నీ ఫోను బాగానే ఉందని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. నాతో మాట్లాడటం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా.

మనుషుల్ని యంత్రాల మీద ఉంచడం దేవుడి పనికి అడ్డుపడటమని నీ ఉద్దేశమైతే సూటిగా అనేయి. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. నాన్నను పదకొండు రోజులు ఆ యంత్రం మీద ఉంచమన్నది నువ్వే, తీసేయమని సంతకం పెట్టిందీ నువ్వే. ఆ రోజు నన్ను గదిలోకి కూడా రానివ్వలేదు.

పిచ్చుక

ఫిబ్రవరి 26

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేక మడిచి పెట్టాను.

మీ నాన్న నాకు తమ్ముడన్న సంగతి నువ్వు మరిచిపోయినట్టున్నావు. సంతకం పెట్టాను, నిజమే. ఇక లాభం లేదని డాక్టర్లు ముగ్గురు చెప్పారు. నీకప్పుడు పద్నాలుగేళ్లు. గదిలోకి రానివ్వకపోవడం తప్పే కావచ్చు. లోపల ఏం జరిగిందో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. గొట్టం తీశాక వాడు సొంతంగా ఊపిరి తీసుకున్నాడు. నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను. ఇరవై మూడు. ఒక్కోదానికీ ఇది ఆగదేమో, డాక్టర్లు పొరబడ్డారేమో, సంతకం పెట్టి నేనే వాణ్ణి చంపుతున్నానేమో అనుకున్నాను. ఇరవై నాలుగోది రాలేదు. దేవుడు తన ఊపిరి వెనక్కి తీసుకుంటే మనం మట్టిలో కలుస్తామని అదే వారం క్లాసులో చెప్పి వచ్చాను. చెప్పడం తేలికే.

యంత్రాలు పాపమని నేను ఎప్పుడూ అనలేదు. నువ్వు అలా అనుకుంటే అనుకో.

నీ సామాను రెండు పెట్టెల్లో సర్ది పంపిస్తున్నాను. స్కూలు పుస్తకాలు, మీ నాన్న కోటు, నా పాఠాల నోటు పుస్తకాలు కూడా ఉన్నాయి. అల్మారా ఖాళీ చేసేస్తున్నాను. ఎవరి వస్తువులు వాళ్ల దగ్గరుంటే మంచిది.

అత్త

మార్చి 6

అత్తా,

నిన్న మధ్యాహ్నం పెట్టెలొచ్చాయి. గది మధ్యలో పెట్టుకుని చాలాసేపు తెరవలేదు. నన్ను వదిలించుకున్నావు అనుకున్నాను. నువ్వు పెంచిన పదేళ్లు కట్టగట్టి తాడేసి పంపించావనిపించింది. నోటికొచ్చినట్టు రాసి నీ చేత ఆ ఇరవై మూడు ఊపిర్ల సంగతి చెప్పించానని తల బాదుకున్నాను.

తర్వాత నీ పాఠాల నోటు పుస్తకం తెరిచాను. ఊపిరి మీద రాసుకున్న పేజీల మధ్య గుర్తుకోసం ఒక కాగితం పెట్టుకున్నావు. అదేమిటో చూసుకోకుండానే పెట్టెలో వేసినట్టున్నావు. స్కానింగ్ రిపోర్టు అది. థైరాయిడ్ గడ్డ మెడలోంచి ఛాతీలోకి దిగి శ్వాసనాళాన్ని నొక్కుతోంది, నాళం ఐదు మిల్లీమీటర్లే తెరుచుకుని ఉంది అని రాసి ఉంది. మార్చి 13న ఆపరేషన్ అని కింద పెన్సిలుతో నీ రాత.

పక్క గదివాళ్ల ఫోన్ తీసుకుని నీకు చేశాను. కొత్త నంబరు కాబట్టి నువ్వు తీశావు. హలో అనడానికి ముందు నీ ఊపిరి వినపడింది. సన్నటి ఈలలాగా. ఆ శబ్దం ఏ నర్సుకైనా తెలుస్తుంది. ఇన్నాళ్లూ నువ్వు ఫోను తీయనిది అందుకే కదా. "అత్తా" అన్నాను. ఆ ఈల వింటూ ఫోను చెవికి పెట్టుకునే ఉన్నాను. చివరికి నువ్వే పెట్టేశావు. అందుకని రాస్తున్నాను. నీ ప్రశ్నలు ఎందుకో ఇప్పుడు అర్థమైంది. మొన్న విసురుగా రాసిన జవాబులు చించెయ్యి. ఇవి చదువు.

ఆపరేషన్ గదిలో చలిగా ఉంటుంది, దుప్పటి అడుగు. నిన్ను చదునుగా పడుకోబెట్టరు, కూర్చున్నట్టే ఉంచుతారు. పడుకోలేనని ముందే చెప్పు. నీ నాళం ఇరుకు కాబట్టి మెలకువగా ఉండగానే గొంతు మొద్దుబారే మందు కొట్టి, సన్నటి గొట్టం ముక్కులోంచి పంపుతారు. దగ్గొస్తుంది. ఊపిరి ఆగిపోయినట్టు అనిపిస్తుంది. ఆగదు. ఆ తర్వాతే మత్తు. లేచేసరికి గొంతులో గొట్టం ఉండొచ్చు, వాపు తగ్గేదాకా ఒకరోజు ఉంచినా ఉంచుతారు. మాట రాదు. అరవబోయి రాలేదని బెదిరిపోకు. యంత్రం గాలి పంపినప్పుడు దానికి ఎదురు తిరగకు, దానితోపాటు పీల్చు. ఏదైనా కావాలంటే పక్కనున్నవాళ్ల చెయ్యి నొక్కు. ఎంత చిన్నగా నొక్కినా మాకు తెలుస్తుంది.

విచారణ కూడా పదమూడో తేదీనే పెట్టారు. మార్చమని అడుగుతాను. మార్చకపోతే ఎగ్గొట్టి వస్తాను.

నీ పిచ్చుక

మార్చి 10

పిచ్చుకా,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. దిండంటే కుర్చీకి కట్టిన దిండు. రెండు నెలలుగా కుర్చీలోనే నిద్ర. పడుకుంటే ఎవరో గొంతు మీద కూర్చున్నట్టుంటుంది.

ఎగ్గొట్టి రావద్దు. నువ్వు విచారణకు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పు. నా దగ్గర బడివాళ్లున్నారు. నీ సామాను పంపింది నిన్ను వదిలించుకోవడానికి కాదే పిచ్చిదానా. నేను తిరిగి రాకపోతే ఆ పుస్తకాలు తూకానికి పోతాయేమోనని.

నీ చెయ్యి ఆగిందా అని అడిగింది నీ తప్పు వెతకడానికి కాదు. నా ఊపిరి మరొకరి చేతిలో పడబోతోంది. ఆ చెయ్యి అలిసిపోతుందేమో, అలిసిపోతే ఏమవుతుందో తెలుసుకోవాలని అడిగాను. సూటిగా అడగడానికి సిగ్గేసింది. ముప్ఫై ఏళ్లు దేవుడి ఊపిరి గురించి పాఠం చెప్పినదానికి గొట్టమంటే ఇంత భయమేమిటని నువ్వు నవ్వుతావనుకున్నాను. భయం పెద్దది పిచ్చుకా. ప్రార్థనకు కూర్చుంటే నా ఈల నాకే వినపడి మధ్యలో లేచిపోతున్నాను.

నిన్న క్లాసులో సువార్త చివరి భాగం చదివించాను. చావు నుంచి లేచి వచ్చిన ప్రభువు శిష్యుల మీద ఊది, ఆత్మను పొందమన్న చోటు. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎప్పుడూ ఊదడం దగ్గరే మొదలుపెట్టేదాన్ని. నిన్న కుట్టుపని ఆవిడ మూడు వచనాలు వెనక్కి వెళ్లి చదివింది. వాళ్లు భయపడి తలుపులు వేసుకుని ఉన్నారని అక్కడే ఉంది. "ధైర్యం వచ్చాక ఊదలేదు కదండీ, భయంలో ఉండగానే కదా" అంది. ముప్ఫై ఏళ్లుగా ఆ గదిని ఖాళీ గదిలా దాటిపోయాను. అయినా అబద్ధమెందుకు, అది తెలిసినంత మాత్రాన నా భయం తగ్గలేదు. భయపడ్డవాళ్లను ఆయన బయటే ఆపేయడని మాత్రం తోచింది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి తీసుకెళ్తారట.

అత్త

మార్చి 14

అత్తా,

ఇది పోస్టు చేయను. నాతోనే తీసుకొస్తున్నాను. రైల్లో కూర్చుని రాస్తున్నాను కాబట్టి రాత ఇంకా ఘోరంగా ఉంది.

విచారణ తేదీ మార్చలేదు. నువ్వు చెప్పినట్టే వెళ్లాను. గొట్టాన్ని నోటి దగ్గర కట్టే పట్టీ ముందు షిఫ్టులోనే వదులైందని, మనిషిని తిప్పడానికి ముగ్గురుండాల్సిన చోట ఇద్దరమే ఉన్నామని తేలింది. నీ చెయ్యి ఆగిందా అని మళ్లీ అడిగారు. ఆగిందని చెప్పాను. నీకు కూడా చెప్పనిది అదే. ఐదో నిమిషంలో వేళ్లు కొంకర్లు పోయాయి. చెయ్యి మార్చుకునేసరికి రెండు ఊపిర్లు పోయాయి. ఉద్యోగం తీసేయలేదు. మూడు నెలలు ఒంటరిగా డ్యూటీ చేయకూడదన్నారు.

డ్రైవరు బుధవారం చనిపోయాడు. ఊపిరితిత్తుల్లోని ఇన్ఫెక్షన్ రక్తానికి పాకింది, దానికీ గొట్టానికీ సంబంధం లేదని డాక్టర్లు రాశారు. నేను విచారణ గదిలోంచి వచ్చేసరికి అతని భార్య కాగితాల కోసం వచ్చి అదే బల్ల మీద కూర్చుని ఉంది. ఈసారి తప్పించుకుపోలేదు. వెళ్లి పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పాను, రెండు ఊపిర్లు తప్పాయని కూడా చెప్పాను.

"మళ్లీ మొదలుపెట్టావు కదమ్మా" అంది ఆమె.

కాగితాలు చేతికొచ్చేదాకా నేనూ ఆమెతోపాటు కూర్చున్నాను.

నిన్న సాయంత్రం నుంచి మీ ఆసుపత్రికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆపరేషన్ అయింది, గొట్టం ఇంకా తీయలేదు అని ఒకటే మాట. ఎందుకు తీయలేదో చెప్పరు. నేను రోగుల ఇంటివాళ్లకు రోజూ చెప్పే మాటే నాకూ చెబుతున్నారు, నిలకడగా ఉందని. ఆ మాట వెనక ఏమేం ఉండొచ్చో తెలిసినదాన్ని. అందుకే ఇంత భయం. ఇంకా మూడు స్టేషన్లున్నాయి. లేఖనాలన్నీ తెలిసినదానివి, నీకు చెప్పేదాన్ని కాదుగానీ, యంత్రంతో పోట్లాడకు అత్తా. దానితోపాటే పీల్చు.

పిచ్చుక

ఏప్రిల్ 9

నా పిచ్చుకకు,

నువ్వు వెళ్లి పది రోజులైంది. నువ్వున్నప్పుడు పలక మీద రాసి చూపించినవి సగం సగమే. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టు నేను చేయలేదు. మెలకువ రాగానే యంత్రంతో పోట్లాడాను. అది గాలి నెడుతుంటే నేను బయటికి తోస్తున్నాను, నేను పీల్చబోతే అది ఆగుతోంది. అలారం మోగింది, ఎవరో నా చేతులు పట్టుకున్నారు. నాకు కంఠతా వచ్చిన వాక్యాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. దేవుడి పేరు కూడా రాలేదు. వట్టి భయమే. ఆ తర్వాత అలిసిపోయాను. అలిసిపోయి ఊరుకుంటే గాలి దానంతటదే వచ్చింది. నేను అడగలేదు, పీల్చలేదు, అయినా వచ్చింది. ఇంకోటి వచ్చింది. అది యంత్రానిదా, ఆయనదా అని అప్పుడు అడగాలనిపించలేదు. నువ్వు రైలు దిగి వచ్చేసరికి నేను అలా ఉన్నాను. నీ ఉత్తరం నువ్వే చదివి వినిపించావు, మధ్యలో ఏడ్చావు. ఈసారి నేను కంగారుపడటానికి కూడా లేదు కాబట్టి మొత్తం విన్నాను.

గొట్టం తీశారు, గడ్డలో చెడ్డదేమీ లేదన్నారు, ఈల పోయింది. కానీ నిన్న మళ్లీ చూపించుకుంటే, నా గొంతు విని నువ్వు అనుమానించిందే నిజమని డాక్టరు చెప్పింది. గొంతులో స్వరం పలికించే తంత్రిని కదిలించే నరం దెబ్బతింది. ఆరు నెలల్లో స్వరం తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. ప్రస్తుతానికి గుసగుసే. నీకు అబద్ధం చెప్పను, రోజూ పొద్దున లేవగానే పైకి ఒక మాట అని చూసుకుంటాను. చదువు చెప్పుకుని బతికినదాన్ని.

అయినా ఈరోజు బడికి వెళ్లాను. పదకొండు మందీ వెనక బెంచీలు వదిలి నా బల్ల చుట్టూ కుర్చీలు వేసుకున్నారు, ఎవరూ చెప్పకుండానే. ఫ్యాన్ కూడా ఆపేశారు. ఆగిపోయిన పాఠమే మళ్లీ తీశాను. ఒక్కో మాటకు ఒక ఊపిరి అయిపోతోంది. అందుకని అక్కర్లేని మాటలన్నీ మానేశాను. ముప్ఫై ఏళ్ల పాఠం పావుగంటలో అయిపోయింది, సిగ్గుచేటు.

కుట్టుపని ఆవిడ ఊరుకుంటుందా, చెయ్యెత్తింది. "ఆయన ఊదినప్పుడు గదిలో అందరికీ వినపడిందంటారా?" అని అడిగింది.

తెలియదన్నాను. ఊదడం దూరం నుంచి అయ్యే పని కాదు, తగిలేంత దగ్గరికి వచ్చి ఉంటాడు, వినపడకపోయినా ముఖానికి తెలిసి ఉంటుంది అన్నాను. అంత చెప్పడానికి నాలుగు ఊపిర్లు పట్టాయి. మధ్యలో రెండుసార్లు ఆగాను. అందరూ నాతోపాటు ఆగారు, నేను మళ్లీ పీల్చుకునేదాకా ఎవరూ కదల్లేదు.

నీ అత్త